డయాలసిస్ రోజులు, జాకెట్ల గడువులు

హైదరాబాద్ దగ్గరి ఇబ్రహీంపట్నంలో ముందరి గదిలో మిషన్ వేసుకుని జాకెట్లు కుట్టే ఇల్లాలికి, ఇంటాయన డయాలసిస్‌లో పడగానే మిషన్ అమ్మేద్దామనిపిస్తుంది. తొందరపడొద్దు. మామూలుగా వారానికి మూడు రోజులు, ప్రతిసారీ నాలుగు గంటలు. వేళ ముందే తెలిసిన కష్టం ఇది. దాని చుట్టూ పనిని అమర్చుకోవచ్చు.

1. ముందు ఆయనకు చొక్కా కుట్టండి. సూదులు గుచ్చే ఫిస్టులా చేతికి బిగుతు పనికిరాదు, రబ్బరు అసలే వద్దు. చొక్కాలో ఆ చేతిని అంగుళం వదులుగా కత్తిరించి, కింది కుట్టును మణికట్టు నుంచి చంక దాకా విప్పి, రెండు వైపులా పట్టీ వేసి ప్రెస్ బటన్లు పెట్టండి. చొక్కా విప్పకుండానే నర్సుకు చెయ్యి అందుతుంది. ఎండాకాలానికి ఒకటి, ఆసుపత్రి ఏసీకి మందపాటిది ఇంకొకటి.

2. క్యాలెండర్ మీద డయాలసిస్ రోజులకు ఎర్ర సున్నా చుట్టండి. ఆ రోజు గానీ మర్నాడు గానీ ఎవరికీ జాకెట్ ఇస్తానని మాటివ్వొద్దు. మంగళ, గురు, శనివారాలైతే ఆది, సోమవారాల్లో ఎడం ఎక్కువ. ఒంట్లో నీరు చేరేది అప్పుడే. కాళ్ల వాపు, ఆయాసం కనిపెట్టుకుని ఉండాలి. ఆయాసం ఎక్కువైతే 108కి ఫోన్ చేయాలి, మిషన్ సంగతి తర్వాత.

3. చేతిలో ఉన్న పనిని, పిలిచిన వెంటనే వదిలేసి లేవగలమా లేదా అని చూసి విడదీయండి. అసలు కిటుకంతా ఇక్కడే. కటింగ్ వదల్లేని పని. పట్టు గుడ్డ మీద కత్తెర పెట్టాక మధ్యలో లేస్తే చంక వంపు తప్పుతుంది. ఆయన నిద్రపోయే వేళ చూసుకుని నాలుగైదు జాకెట్లు ఒకేసారి కత్తిరించండి. ఒక్కోదాని ముక్కలు, లైనింగ్, హుక్స్, దారం, ఆది జాకెట్ ఒకే కవర్లో వేసి పేరూ తేదీ రాయండి. తర్వాత ఎప్పుడు పావుగంట దొరికినా వెతుక్కోకుండా మిషన్ ఎక్కొచ్చు.

4. తురుపు, హుక్స్, కాజాలు ఆసుపత్రి సంచిలోకి. 277 బస్సులో పట్నం వెళ్లాక, ఆసుపత్రి వరండాలో నాలుగు గంటలు దొరుకుతాయి. 2023 డిసెంబరు 9 నుంచి ఆర్టీసీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ఉచితం కాబట్టి మీ టికెట్ ఖర్చు లేదు. బస్సు కుదుపుల్లో మాత్రం సూది పట్టొద్దు. గిరాకీ వాళ్ల పట్టుచీర అక్కడికి తీసుకెళ్లొద్దు, ఒక్క టీ చుక్క చాలు కొంప మునగడానికి. నూలు జాకెట్లే తీసుకెళ్లండి. సూదులు డబ్బీలో పెట్టి, లేచేముందు లెక్కపెట్టుకోండి.

5. మగ్గం వర్క్ కొన్నాళ్లు ఒప్పుకోవద్దు. డబ్బు అందులోనే ఉంది, కాదనను. కానీ పెళ్లి జాకెట్ ఫ్రేమ్ మీద రోజుల తరబడి ఉంటుంది, ముహూర్తం మన కోసం ఆగదు. పోనివ్వడం ఇష్టం లేకపోతే వర్క్ కారిగర్‌కు ఇచ్చి, కుట్టు మాత్రం మీరు ఉంచుకోండి. మహిళా సంఘానికి వచ్చే బడి యూనిఫాంలు నయం, తిన్నని కుట్లు, ఫిటింగ్ గొడవ తక్కువ. జూన్‌లో బడి తెరిచేలోపు అయిపోవాలి కాబట్టి మోయగలిగినంతే తీసుకోండి.

డయాలసిస్ వాళ్లకు 2022 నుంచి ఆసరా పింఛను నెలకు 2,016 రూపాయలు ఇస్తున్నారు. దరఖాస్తు ఎక్కడివ్వాలో ఆసుపత్రిలో ఆరోగ్యశ్రీ డెస్కు దగ్గర అడగండి. ఆ ఆసరా ఉంటే అర్జెంటు పని కాదనడానికి ధైర్యం వస్తుంది.

ఎవరైనా వచ్చి "అక్కా, రేపటికి కావాలె" అంటే కథంతా చెప్పనక్కర్లేదు. "రేపు మా ఆయనను దవాఖానకు తీస్కపోవాలె, సోమవారం పొద్దుగాల ఇస్త, సరేనంటే పెట్టిపో" అనండి. ఆగేవాళ్లు ఆగుతారు. ఆగనివాళ్లకు ఆది జాకెట్ తిరిగిచ్చేయండి.