గాలపు వేట - గ్రామ చెరువు

వానలు కురిసి చెరువు నిండినంతనే గట్టు వెంబడి గాలపు కర్రలు కనబడుట మన గ్రామములలో పరిపాటి. రైతులు, బడిపిల్లలు, సెలవులకు వచ్చిన పట్టణవాసులు ఎవరి తీరున వారు ఎర వేసి కూర్చుందురు. వారికిది వినోదము. కాని ఆ చెరువునే నమ్ముకొని జీవించు బెస్త, ముదిరాజ్, గంగపుత్ర కుటుంబములకు అందలి చేప ఏడాది పొడుగునా ఇల్లు గడుపు ఆధారము. ఏ గాలము వాడవలెను, ఎచ్చట వేయవలెను, ఏ చేపను నీటిలో విడువవలెను అను మెళకువలు వేటగాండ్రలో ఒకరినుండి మరొకరికి నోటిమాటగా వ్యాపించుచుండును. పంచాయతీ సభ్యులు కూడ వానిని ఎరిగియుండుట మేలు. 1992 నాటి 73వ రాజ్యాంగ సవరణచే ఏర్పడిన 11వ షెడ్యూలులో పేర్కొన్న 29 విషయములలో మత్స్యపరిశ్రమ ఒకటి గదా.

చెరువులోని రెండు తెగలు

చెరువు చేపలను రెండు తెగలుగా భావింపవచ్చును. బొచ్చె, శీలావతి, ఎర్రమోసు అను పెద్దచేపలు సహజముగా వరదకాలమున నదులలో గ్రుడ్లు పెట్టునవి. నిలువనీటి చెరువులలో అవి సంతానమును కనవు. 1957లో మన దేశ శాస్త్రజ్ఞులు పీయూషగ్రంథి రసమును సూదిద్వారా ఎక్కించి ఈ జాతి చేపలచే గ్రుడ్లు పెట్టించుటలో కృతార్థులైరి. నాటినుండి పిల్లల ఉత్పత్తి కేంద్రములు వృద్ధిచెందినవి. ఈ తెగ చేపపిల్లలను వెలయిచ్చి కొని, తెచ్చి, చెరువులో విడువవలసినదే.

కొర్రమీను, మట్టగిడస, పరిగె మొదలగునవి రెండవ తెగ. ఇవి చెరువులోనే, చెరువులోనికి నీరు వచ్చు కాలువలలోనే, వానకాలమున పిల్లలను పెట్టును. వీనికై ఎవ్వరును పైకము వెచ్చింపనక్కరలేదు. గాలమునకు ఎక్కువగా ఆశింపబడునది కూడ ఈ తెగలోని కొర్రమీనే. కనుక వేటగాని చేతిలోని పనిముట్టు సరియైనది కానిచో మొదట నష్టపడునది ఈ ఉచిత సంపదయే.

గాలపు సామగ్రి

సామాన్యపు గాలమునకు ఐదు అంగములు కలవు: కర్ర, దారము, బెండు, సీసపు గుండు, ముల్లుగల కొక్కెము. కర్రకు వెదురు శ్రేష్ఠము. పూర్వము నూలు, జనుప దారములు వాడెడివారు. వానిని చెట్ల బెరడు కషాయములో నానబెట్టి గట్టిపరచుకొనుచుండిరి. నైలాన్ వచ్చిన పిదప ఈ శ్రమ తప్పినది. కాని నూలుదారము తెగిపడినచో కొంతకాలమునకు కుళ్లిపోవును, నైలాన్ కుళ్లదు. గట్టుపై పారవేసిన నైలాన్ ముక్కలు కొంగల కాళ్లకును, మేతకు వచ్చిన పశువుల గిట్టలకును చుట్టుకొనును.

కొక్కెము మొనకు వెనుక ఉండు చిన్న ఎదురుముల్లు చేపను జారిపోనీయదు. అదియే చిన్నచేపను విడిచిపెట్టదలచినపుడు దాని నోటిని చీల్చును. ఎదురుముల్లును పట్టుకారుతో నొక్కి చదును చేసినచో కొక్కెము తేలికగా ఊడివచ్చును. దారమును సడలనీయక లాగు నేర్పుగలవానికి దీనివలన చేప తప్పిపోదు. చేపను విడువదలచినవారు చేతులను ముందుగా తడుపుకొనవలెను. పొడిచేతులతో పట్టినచో ఒంటిపైనున్న జిగురుపొర ఊడిపోయి చేప రోగముల పాలగును.

ఈగ గాలము

ఈ సందర్భమున కాశ్మీరము, హిమాచల ప్రదేశములందలి చల్లని ఏరులలో సాగు ఫ్లై ఫిషింగును గూర్చి రెండు మాటలు చెప్పుట అవసరము. ట్రౌటు అను చేపను 20వ శతాబ్ది ఆరంభమున విదేశములనుండి కాశ్మీరమునకు తెచ్చి పెంచిరి. దానిని పట్టుటకు సజీవమైన ఎర అక్కరలేదు. చిన్న కొక్కెమునకు ఈకలు, పట్టుదారము చుట్టి ఈగ ఆకారము కల్పింతురు. ఆ ఈగకు బరువు లేదు గనుక, బరువుగల దారమునే వెనుకకును ముందునకును ఆడించి, ఆ ఊపుతో ఈగను నీటిపై మెల్లగా వాలనిత్తురు.

మనము గమనింపవలసినది ఆ విద్యకు తోడుగానున్న కట్టుబాటు. అచ్చట అనుమతి పత్రము లేక గాలము వేయరాదు. ట్రౌటు గ్రుడ్లు పెట్టు శీతకాలమున వేట నిషిద్ధము. హిమాచల ప్రదేశములో ఈ నిషేధము నవంబరు 1వ తేదీనుండి ఫిబ్రవరి నెలాఖరువరకు ఉండును. ఆ చలి ఏరులలోని చేప మన వెచ్చని చెరువులలో బ్రదుకజాలదు. కాని పిల్లలుపెట్టు కాలమున వేటను విరమించు నియమము మన చెరువులకును వర్తించును.

కొర్రమీను సంసారము

తెలంగాణ రాష్ట్ర చేపగా గౌరవము పొందిన కొర్రమీను నీటిలోని ప్రాణవాయువుతోనే గాక, పైకి వచ్చి గాలిని పీల్చియు జీవించును. అది పైకి తేలినపుడు నీటిపై చిన్న వలయమేర్పడును. అనుభవముగల వేటగాడు తన నీడ నీటిపై పడకుండ, అడుగుల చప్పుడు కాకుండ గట్టుమీద నడచుచు ఆ వలయమునే వెదకును. ఉదయ సాయంకాలములయందు నాచు అంచున ఎరను కప్పవలె గెంతించుచు లాగును. బ్రదికియున్న కప్పను కొక్కెమునకు గ్రుచ్చుట చాలచోట్ల ఆచారము. కప్ప పైరును పాడుచేయు పురుగులను తినును గావున దానికి బదులు రబ్బరు కప్పను వాడుట ఉత్తమము.

ఇక అసలు విషయము. వానకాలమున కొర్రమీను జంట గట్టు దాపున, నాచు నడుమ చోటు చేసికొని గ్రుడ్లు పెట్టును. గ్రుడ్లు నీటిపై తేలును. పిల్లలు ఎర్రని రంగుతో గుంపుగా తిరుగుచు, గాలికై మాటిమాటికి పైకి వచ్చును. తల్లిదండ్రులు వాని క్రిందనే కావలి కాయును. ఆ గుంపులో ఏ వస్తువు పడినను శత్రువని తలచి మీదికి దుముకును. కొందరు వేటగాండ్రు ఎర్రని గుంపును చూచి సంతోషించి అందే గాలము వేయుదురు. పెద్దచేప తప్పక దొరకును. అది ఆకలిచే ఎరను పట్టలేదు. బిడ్డలను కాపాడబోయి పట్టుపడినది. కావలి పోయిన పిల్లలను ఇతర చేపలు, పాములు, పక్షులు త్వరలోనే మ్రింగివేయును. ఒక్కపూట కూరకై వందలాది పిల్లలు నశించును. ఎర్ర గుంపు కనబడిన చోట గాలము వేయరాదను ఒక్క నియమము పాటించినను చెరువునకు గొప్ప మేలు కలుగును.

వలకన్ను

గాలము ఒక్కొక్క చేపను పట్టును. వల వందలను పట్టును. కనుక వలకన్ను పరిమాణము ముఖ్యము. ఒక కన్నును బిగువుగా లాగి, ఎదురెదురు ముడుల నడుమ దూరమును కొలిచినచో పరిమాణము తెలియును. దోమతెర బట్టతో చేపలు పట్టువారు వేలెడు పిల్లలను సైతము ఊడ్చివేయుదురు. అట్టివి ఎండబెట్టినను పిడికెడు కావు. పెరిగినచో కిలోల లెక్కన తూగును.

పంచాయతీ చేయదగిన పనులు

1. వానలకు ముందు మత్స్య సహకార సంఘము వారిని, గాలము వేయు గ్రామస్థులను ఒకచోట సమావేశపరచవలెను. ఎవరికి తెలిసిన మెళకువను వారు చెప్పనీయవలెను.

2. చెరువుపై సంఘమునకు హక్కు ఉన్నచోట వారి అనుమతి లేక ఎవ్వరును గాలము వేయరాదు. పిల్లలను కొని విడిచినవారు వారే.

3. కొర్రమీను పిల్లల గుంపులు తిరుగు తావులను గుర్తించి, అవి చెదరిపోవువరకు అచ్చట వేట మానిపింపవలెను.

4. వలకన్ను కనీస పరిమాణమును మత్స్యశాఖ అధికారి సలహాతో నిర్ణయించి, చెరువుగట్టున పలకపై వ్రాయింపవలెను. దోమతెరలను వాడనీయరాదు.

5. ప్రేలుడు పదార్థములతోను, విషముతోను చేపలను చంపుటను 1897 నాటి భారత మత్స్య చట్టమే నిషేధించినది. ఆ నీటిని పశువులు త్రాగునని, అందు మనుష్యులు స్నానమాడుదురని అందరికి తెలియజెప్పవలెను.

6. తెగిన నైలాన్ దారములు వేయుటకు గట్టున ఒక డబ్బా ఉంచవలెను.

ఈ కట్టుబాట్లకు పెద్ద వ్యయము లేదు. తీర్మానము పుస్తకములో వ్రాసికొని, దండోరా వేయించి, మొదటి వానకాలము శ్రద్ధతో కనిపెట్టియుండిన చాలును. వేసవిలో నీరు తగ్గి వల లాగు దినమున ఎన్ని కొర్రమీలు, ఏ పరిమాణమువి దొరికినవో సంఘము వారిచే లెక్క వ్రాయింపవలెను. మరుసటి ఏటి లెక్కతో దానిని పోల్చి చూచినచో నియమములను ఎంతవరకు సవరింపవలెనో సభ్యులకే తెలియగలదు.