పెండలం పిండితో సేమ్యా

సేమ్యా గోధుమపిండితో చేస్తారు. ఆ గోధుమ చాలావరకు ఉత్తరాది నుంచి వస్తుంది. కర్రపెండలం మాత్రం ఇక్కడి పంటే. కాకినాడ జిల్లాలో పెద్దాపురం, సామర్లకోట చుట్టుపక్కల మెట్ట పొలాల్లో పండుతుంది.

దుంప ఊరడానికి ఇంచుమించు 10 నెలలు పడుతుంది. తవ్విన తరువాత 2, 3 రోజులకే పాడవుతుంది. లోపల నల్లని చారలు పడతాయి. ఈ సంగతి రైతుకీ తెలుసు, సగ్గుబియ్యం మిల్లుకీ తెలుసు. అందుకే మిల్లు చెప్పిన ధరకే బండి దించాల్సి వస్తుంది. అదే దుంపను పిండి చేస్తే నెలల తరబడి నిలవ ఉంటుంది. ఆ పిండిని సేమ్యాలో కలపవచ్చు. దీనితో మిల్లు అవసరం తీరిపోదు. ఎకరం దుంపంతా సేమ్యా చేయడం అయ్యే పని కాదు. కాని ధర పడిపోయిన రోజున కొన్ని బస్తాలయినా ఇంట్లో ఆపుకోవచ్చు.

పిండి చేసేటప్పుడు జాగ్రత్త కావాలి. పచ్చి పెండలంలో సయనైడ్ అనే విషం పుట్టే పదార్థం ఉంటుంది. చేదు రకాల్లో అది ఎక్కువ. చేదు దుంపను ఇంట్లో పిండికి వాడకూడదు. తీపి దుంపకైనా పై తొక్క, దాని కింది మందపు పొర రెండూ తీసెయ్యాలి. కడిగి సన్నగా తురమాలి. తురుమును ఒక రాత్రి తడిగానే మూత పెట్టి ఉంచాలి. మర్నాడు గుడ్డలో వేసి నీరంతా గట్టిగా పిండాలి. ఆ నీళ్ళు పశువులు తాగకుండా చూడాలి. తురుమును పలచగా పరచి, గలగలలాడేదాకా ఎండబెట్టి మరపట్టించాలి. ముక్కలు కోసి ఎండబెడితే పని తేలికే. కాని విషం అంత బాగా పోదు. తురిమినప్పుడు దుంపలోని రసమే ఆ పదార్థాన్ని విడగొడుతుంది. విషం కొంత నీటితో, కొంత గాలిలో పోతుంది.

మరి సేమ్యా అంతా పెండలం పిండితోనే చేయకూడదా? కుదరదు. ఎందుకో ఇంట్లోనే చూడవచ్చు. గోధుమపిండి ముద్దను నీళ్ళలో మెల్లగా పిసకాలి. తెల్లని గంజి పోయి, చేతిలో సాగే బంక మిగులుతుంది. దాన్ని గ్లూటెన్ అంటారు. సేమ్యా పోగు తెగకుండా పట్టి ఉంచేది అదే. పెండలం పిండి ముద్దను అలాగే పిసికితే చేతిలో ఏమీ మిగలదు.

అందుకని 3 గ్లాసుల గోధుమపిండికి 1 గ్లాసు పెండలం పిండి చాలు. మొదటిసారి ఇంకా తక్కువ వేస్తే మంచిది. సేమ్యా ఒత్తాక ఇడ్లీ పాత్రలో 10 నిమిషాలు ఆవిరి పట్టి, అప్పుడు ఎండబెట్టాలి. పోగు గట్టిపడుతుంది. గుప్పెడు ఉడికించి చూస్తే తెలిసిపోతుంది. నీళ్ళు గంజిలా చిక్కబడి పోగులు ముక్కలయితే, పెండలం పిండి ఎక్కువయినట్టే.

ఇంకొక లోటు ఉంది. 100 గ్రాముల గోధుమపిండిలో మాంసకృత్తులు 10 గ్రాములకు పైనే ఉంటాయి. పెండలం పిండిలో మహా అయితే 2 గ్రాములు. పిల్లలకు పెట్టే ఉప్మాలో పెసరపప్పో, గుడ్డో వేస్తే ఆ లోటు తీరుతుంది. పొదుపు సంఘం వాళ్ళు ఈ సేమ్యా అమ్మేటట్టయితే, పెండలం పిండి కలిపిన సంగతి ప్యాకెట్టు మీద రాయాలి.