భుజానికి ఆనే కర్ర గురించి



అల్లుడూ, నీ బ్రనో రైఫిల్ స్టాక్, అంటే భుజానికి ఆనే కర్ర, పగిలిందని ఫొటో పంపి, కొత్తది ఏది వేయిస్తే బాగుంటుందని అడిగావు. అందంగా ఏది ఉంటుంది, తేలిగ్గా ఏది ఉంటుంది అన్నవి తర్వాత చూద్దాం. ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది: స్టాక్ మార్చాక కూడా అది నీ లైసెన్సులో రాసిన తుపాకీగానే ఉండాలి. ఆ కర్ర ఎక్కడిదో, ఎవరు బిగించారో ఎవరడిగినా కాగితం చూపించగలగాలి. ఈ పరీక్షకు నిలిచేది ఏదైనా నీకు తగిన స్టాకే. నిలవనిది ఎంత ఖరీదైనదైనా వద్దు.

ఫొటోలో పగులు ఎక్కడుందో జాగ్రత్తగా చూడు. రిసీవర్ వెనక తోకలా సాగే ఇనుప ముక్క ఉంది చూశావా, దాన్ని టాంగ్ అంటారు. సరిగ్గా దాని వెనకనుంచి వెంట్రుకలా మొదలై చేత్తో పట్టుకునే చోటిదాకా గీత సాగింది. మౌజర్ తరహా రైఫిళ్లలో ఇది తరచూ కనిపించే జబ్బు. తుపాకీ పేలినప్పుడు వెనక్కి వచ్చే అదురును ముందున్న రికాయిల్ లగ్ అనే ఇనుప దిమ్మ కర్ర మీద మోపాలి. ఏళ్లు గడిచి కర్ర ఎండి ముడుచుకుని, స్క్రూలు వదులైతే ఆ దెబ్బ టాంగ్ మీద పడుతుంది. టాంగ్ మేకులా కర్రను చీలుస్తుంది. ఎండాకాలం 45 డిగ్రీలు కాసి, చలికాలం వణికించే మీ ఆదిలాబాద్‌లో కర్ర ముడుచుకోవడం, ఉబ్బడం మరీ ఎక్కువ. అందుకే నా మొదటి సలహా, స్టాక్ మార్చే ముందు బాగుచేయించే వీలుందేమో చూపించు. పగులు లోతు లేకపోతే లోపల ఇత్తడి పిన్ను దింపి, ఎపాక్సీ జిగురు పట్టించి, టాంగ్ వెనక సన్నని సందు వదిలితే మళ్లీ చాలా ఏళ్లు నిలుస్తుంది. పాత కర్ర ఉన్నంతకాలం అడిగేవాళ్లూ ఉండరు.

ఇది ఉత్త కర్రే కదా, నంబరు ఉండేది ఇనుము మీద కదా, మన వడ్రంగితో చెక్కిస్తే ఏం పోయిందని అంటావేమో. 1959 ఆయుధాల చట్టం తెరిచి చూడు. ఫైర్ ఆర్మ్స్ అన్న మాటకు ఇచ్చిన నిర్వచనంలోనే తుపాకీ విడిభాగాలు కూడా వస్తాయని ఉంది. ఏ భాగం వస్తుంది, ఏది రాదు అని అక్కడ పట్టిక లేదు. పట్టిక లేనప్పుడు అనుమానం నీకు అనుకూలంగా తీరుతుందని నమ్ముకోకూడదు. ఇక వడ్రంగి సంగతి. అయిదో సెక్షన్ ప్రకారం తుపాకీ రిపేరు చేయడానికే లైసెన్సు కావాలి. స్టాక్ చెక్కాలంటే ఇనుముకు దీపం మసి రాసి, కర్రలో పెట్టి తీసి, మసి అంటిన చోటల్లా పొర పొరగా ఉలితో తీయాలి. ఇది రోజుల పని. అన్ని రోజులూ తుపాకీ అతని దుకాణంలో ఉంటే మూడో సెక్షన్ కింద నీకూ అతనికీ ఇద్దరికీ చిక్కే. రిపేరు కోసం వేరొకరు తుపాకీ మోసుకెళ్లాలన్నా నువ్వు పక్కన ఉండాలి, లేదా నీ రాతపూర్వక అనుమతి వాళ్ల దగ్గర ఉండాలి. చట్టం ఇచ్చిన వెసులుబాటు అంతే. కాబట్టి లైసెన్సున్న గన్‌స్మిత్ దగ్గరికే నువ్వే తీసుకెళ్లు.

రెండో మాట నీ స్నేహితులది: అమెరికాలో స్టాకులు కిరాణా సరుకులా దొరుకుతాయి, ఒకటి పార్శిల్‌లో తెప్పించుకోమని. అక్కడ కొనడం సులువన్న మాట నిజమే. కానీ అక్కడా స్టాకును లెక్కలేని వస్తువుగా చూడరు. 1990లో వచ్చిన ఒక నిబంధన ప్రకారం, క్రీడలకు పనికిరావని దిగుమతి ఆపిన రకం సెమీ ఆటోమేటిక్ రైఫిళ్లను విదేశీ భాగాలతో కూర్చకూడదు. 20 భాగాల పట్టిక పెట్టి అందులో విదేశీవి 10 దాటకూడదన్నారు. ఆ ఇరవైలో స్టాక్ ఒకటి, పిడి ఒకటి, ముందు చెయ్యి పట్టే కర్ర ఒకటి. నీది బోల్టు రైఫిల్ కాబట్టి ఆ లెక్క దానికి వర్తించదు, మన దేశంలో అసలే వర్తించదు. అంత స్వేచ్ఛ ఉన్న దేశం కూడా స్టాకును ఆయుధంలో భాగంగా లెక్కపెట్టిందన్నదే నీకు చూపాలనుకున్నాను. మన దగ్గర పదో సెక్షన్ ప్రకారం ఆయుధాల దిగుమతికి లైసెన్సు తప్పనిసరి. కస్టమ్స్ లెక్కల్లో తుపాకీ విడిభాగాలకు 9305 అని విడిగా ఒక పద్దే ఉంది. పార్శిల్ మీద చెక్క సామాను అని రాయించి తెప్పిస్తే అది రెండో నేరమవుతుంది.

మడిచే స్టాక్, విడిగా పిస్టల్ పిడి ఉన్న స్టాక్ గురించి కూడా రాశావు. ఆరో సెక్షన్ గొట్టం కురచ చేయడం గురించి చెబుతుంది, కర్ర ఊసు అందులో లేదని నువ్వు వాదించవచ్చు. అక్షరం వరకు నీ మాటే ఒప్పు. కానీ 2019 సవరణ ఆ సెక్షన్‌లోనే ఒక వర్గం తుపాకీని మరో వర్గంలోకి మార్చడాన్ని కూడా చేర్చింది. చట్టం చూపు ఎటు ఉందో దాన్నిబట్టి తెలుస్తుంది. ఎన్నికలప్పుడు స్టేషన్‌లో జమ చేస్తావు కదా, అక్కడ లైసెన్సు పుస్తకంతో పోల్చి తుపాకీ చూస్తారు. వేట రైఫిల్ అని రాసి ఉండి, చేతిలోకి సైనిక ఆయుధంలా కనిపించేది వస్తే ఏమనుకుంటారు? 1978లో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించిన నేల ఇది. ఇక్కడ పోలీసు తుపాకీని మామూలు వస్తువుగా చూడడు, చూడమని అడిగే హక్కూ మనకు లేదు. ప్లాస్టిక్ స్టాక్ నిషేధమని నేననను. పాత ఆకారంలోనే ఉండి, లైసెన్సున్న డీలరు బిల్లుతో దొరికితే ఎండకూ వానకూ కర్రకన్నా అదే మేలు. దొరక్కపోతే కర్రే.

కర్ర అంటే అక్రోటు. తేలిక, గట్టితనం, అదురు ఓర్చుకునే గుణం మూడూ దానిలో ఉన్నాయి. మన ఆదిలాబాద్ టేకు ఉండగా అదెందుకంటావు. టేకు తలుపులకు, దూలాలకు రాజే, కానీ దెబ్బకు పొర వెంబడి చీలుతుంది. పొనికి కర్ర నిర్మల్ బొమ్మకు ప్రాణం పోస్తుంది, తుపాకీకి మాత్రం మరీ మెత్తన. జిట్రేగి గట్టిదే గాని బరువు. పైగా అడవి కర్ర దేనికైనా అటవీశాఖ పర్మిట్ ఉండాలి. తుపాకీ ఉన్న ఇంట్లో పర్మిట్ లేని కర్ర దొరికితే ఏ కథ అల్లుతారో నీకు చెప్పనక్కర్లేదు. మీ ఊరు కవ్వాల్ అభయారణ్యానికి పది కిలోమీటర్ల లోపే అయితే, 1972 వన్యప్రాణి చట్టం 34వ సెక్షన్ ప్రకారం లైసెన్సుదారుగా నీ పేరు చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ దగ్గర నమోదై ఉండాలి. అదీ సరిచూసుకో.

పని మొదలుపెట్టే ముందు లైసెన్సు ఇచ్చిన అధికారికి ఒక అర్జీ పెట్టి రసీదు తీసుకో. తయారీ, బోరు, నంబరు, పగులు ఫొటో, గన్‌స్మిత్ లైసెన్సు వివరం అన్నీ అందులో ఉండాలి. 2016లో జిల్లాలు విడిపోయాయి కాబట్టి నీ ఫైలు ఇప్పుడు ఏ ఆఫీసులో ఉందో ముందే కనుక్కో. కొత్తది బిగించాక పాత స్టాకును పొయ్యిలో పెట్టకు. కర్ర చివరనుండే బట్ ప్లేటు విప్పి చూడు, కొన్ని కంపెనీలు కర్ర మీద కూడా తుపాకీ నంబరు కొట్టేవి. నంబరున్నా లేకున్నా దాన్ని గుడ్డలో చుట్టి, గన్‌స్మిత్ బిల్లుతో పాటు లైసెన్సు కాగితాల దగ్గరే ఉంచు.

ఇట్లు
మీ మామ
కరీంనగర్