సబ్బునీళ్ళతో కడిగిన గుండె

ఎండిపోయిన బీరకాయని చూసే ఉంటారు. తొక్క ఊడిపోయి, గుజ్జంతా పోయి, లోపల వలలాంటి పీచు ఒక్కటే మిగులుతుంది. ఊళ్ళల్లో ఒళ్ళు రుద్దుకోవడానికి వాడేది అదే. పుస్తకంలో దాచుకున్న రావి ఆకు కూడా అంతే. పచ్చదనం పోయాక ఈనెల జల్లెడ మిగులుతుంది. చూస్తే ఆకే, కానీ అందులో బతికున్నది ఏమీ లేదు.

ఇదే పని ఒక జంతువు గుండెకి చేస్తే? అందులోని కణాలన్నీ తీసేసి, వాటిని పట్టి ఉంచిన అల్లికని మాత్రం మిగల్చడాన్ని డీసెల్యులరైజేషన్ అంటారు. మిగిలిన అల్లిక పేరు స్కాఫోల్డ్, అంటే పరంజా. ఇంటికి రంగులేసేటప్పుడు కట్టే పరంజాని పని అయ్యాక విప్పేస్తారు కదా, ఇక్కడ అలా కాదు. కొత్త కణాలు ఇందులోనే కాపురం పెట్టి, పాత అల్లికని కొంచెం కొంచెంగా కరిగించి తమ సొంతది నేసుకుంటాయి. బయోటెక్ వాళ్ళకి ఇది సిలబస్, మిగతా బ్రాంచ్‌ల వాళ్ళ కోసం ఈ వ్యాసం.

అసలు ఇంత కష్టం ఎందుకు?

వేరేవాళ్ళ అవయవం పెడితే మన ఒంట్లోని రక్షణ వ్యవస్థ దాన్ని శత్రువు అనుకుంటుంది. ప్రతి కణం పైనా ఉండే ప్రొటీన్ గుర్తులు లాగిన్ ఐడీ లాంటివి. ఐడీ తెలియనిదైతే దాడి మొదలు. దాన్ని ఆపడానికి జీవితాంతం మందులు వాడాలి, వాటివల్ల ఇన్‌ఫెక్షన్లని తట్టుకునే శక్తి తగ్గిపోతుంది. ఇక పంది కణాలైతే మరీ కష్టం. వాటి మీద ఆల్ఫా-గాల్ అనే చక్కెర గుర్తు ఉంటుంది. మనుషుల్లో అది లేదు, పైగా దాన్ని పట్టుకునే యాంటీబాడీలు మన రక్తంలో ముందే ఉంటాయి.

కానీ అల్లికలో ఎక్కువ భాగం కొల్లాజెన్. అది పందిలో అయినా మనిషిలో అయినా దాదాపు ఒకేలా ఉంటుంది. అందుకే కణాలు తీసేసి అల్లికని ఉంచుకుంటే చాలు అనే ఆలోచన పుట్టింది. పైగా వెంట్రుక కంటే సన్నటి రక్తనాళాల దారులు అందులో రెడీగా ఉంటాయి.

తయారీ ఎలా?

మొదట కబేళా నుంచి తెచ్చిన భాగాన్ని చల్లగా ఉంచి, కొవ్వు, అక్కర్లేని పొరలు తీసేస్తారు. ఆలస్యమైతే కణాలు కుళ్ళి, వాటి ఎంజైములే అల్లికని తినేస్తాయి.

రెండోది, కణాలని పగలగొట్టడం. గడ్డకట్టించి మళ్ళీ కరిగిస్తే మంచు స్ఫటికాలు కణాల పొరని చీల్చేస్తాయి. లేదా ఉప్పు బాగా తక్కువున్న నీళ్ళలో వేస్తే కణం నీళ్ళు తాగి ఉబ్బి పగులుతుంది.

మూడోది సబ్బు. కణం పొర కొవ్వుతో చేసింది, కొవ్వుని వదిలించేది సబ్బే కదా. ఎక్కువగా వాడేవి రెండు. ఒకటి ఎస్‌డీఎస్, టూత్‌పేస్టుల్లో నురగ కోసం కలిపేది ఇదే. బాగా పనిచేస్తుంది కానీ అల్లికని కూడా దెబ్బతీస్తుంది. రెండోది ట్రైటాన్ ఎక్స్-100, ఇది కాస్త మెతక. పలచటి పొరలని ద్రావణంలో వేసి కుదుపుతూ ఉంటే సరిపోతుంది. గుండె లాంటి మందపాటి అవయవాన్ని నానబెడితే లోపలిదాకా చేరదు. అందుకే దాని రక్తనాళాల్లోంచే సబ్బునీళ్ళు ఎక్కిస్తారు.

నాలుగోది ఎంజైములు. కణం పగిలినప్పుడు బయటికొచ్చిన డీఎన్ఏ జిగురులా పీచుకి అంటుకుపోతుంది. డీఎన్ఏస్ అనే ఎంజైము దాన్ని ముక్కలు చేస్తుంది.

ఐదోది, కడగడం. ఇది చిన్న పనిలా కనిపిస్తుంది కానీ రోజులు పడుతుంది. ఎస్‌డీఎస్ మిగిలిపోతే పాత కణాలని చంపినట్టే కొత్తవాటినీ చంపేస్తుంది.

చివరిది, సూక్ష్మజీవులు లేకుండా చేయడం. వేడి పెట్టేద్దాం అంటే కుదరదు. మేక కాళ్ళ పులుసు చల్లారాక జెల్లీలా గడ్డకట్టడం చూసే ఉంటారు. వేడికి కొల్లాజెన్ అల్లిక విడిపోయి జెలాటిన్ అయిపోయింది అన్నమాట. ఇక్కడ అలా అయితే పరంజా కూలినట్టే. అందుకే పెరాసిటిక్ యాసిడ్, ఇథిలీన్ ఆక్సైడ్ వాయువు, గామా కిరణాలు లాంటివి వాడతారు.

ఈ మొత్తంలో అసలు చిక్కు ఒక్కటే. పట్టుచీర మీద మరక పోవాలి, జరీ మాత్రం పోకూడదు. ఎక్కువ కడిగితే పీచు బలం తగ్గుతుంది, కణాలకి దారి చూపించే గ్రోత్ ఫ్యాక్టర్లు కొట్టుకుపోతాయి. తక్కువ కడిగితే పాత కణాలు మిగిలిపోతాయి.

ఎలుక గుండె కొట్టుకున్న రోజు

2008లో అమెరికాలోని మిన్నెసోటా యూనివర్సిటీలో డోరిస్ టేలర్, హరాల్డ్ ఆట్ బృందం చనిపోయిన ఎలుక గుండెలోకి రక్తనాళాల ద్వారా 1 శాతం ఎస్‌డీఎస్ ఎక్కించింది. ఎర్రటి గుండె మెల్లగా తెల్లబడి, గాజులా పారదర్శకంగా అయిపోయింది. తర్వాత సుమారు ఐదు రోజులు కడిగి, అప్పుడే పుట్టిన ఎలుకల గుండె కణాలని అందులో నాటారు. నాలుగో రోజుకి కదలిక కంటికి కనిపించింది. ఎనిమిదో రోజుకి, కరెంటు ప్రేరణ ఇస్తూ చూస్తే, పెద్ద గుండె చేసే పనిలో సుమారు 2 శాతం చేసింది.

2 శాతమేనా అనిపించొచ్చు. ఖాళీ పీచు మళ్ళీ కొట్టుకోవడం అంతకుముందు ఎవరూ చూడని విషయం. కానీ మనిషి గుండెకి కోట్లకొద్దీ కణాలు కావాలి. ప్రతి రక్తనాళం లోపలా కణాల పొర పరుచుకోవాలి, లేకపోతే ఖాళీ కొల్లాజెన్‌ని తాకగానే రక్తం గడ్డకడుతుంది. పూర్తి గుండె ఇంకా రాకపోవడానికి ఇవి పెద్ద కారణాలు.

సగం కడిగితే ఏమవుతుంది?

వియన్నా డాక్టర్లు 2003లో ఒక రిపోర్టు ప్రచురించారు. కణాలు తీసేసిన పంది గుండె కవాటాలని నలుగురు పిల్లలకి అమర్చారు. మామూలు కవాటం పిల్లలతో పాటు పెరగదు, ఇదైతే పెరుగుతుందని ఆశ. నలుగురిలో ముగ్గురు చనిపోయారు. నాలుగో బిడ్డకి పెట్టినదాన్ని ముందుజాగ్రత్తగా తీసేశారు. తీసిన కవాటాల్లో తీవ్రమైన వాపు కనిపించింది, పిల్లల సొంత కణాలు వచ్చి చేరనేలేదు. వాడని కవాటాలని పరీక్షిస్తే, వాటిలో పంది కణాలు పూర్తిగా పోలేదని తేలింది.

"కడిగాం" అనడం వేరు, "కడిగామని కొలిచి చూపించడం" వేరు. 2011లో స్టీఫెన్ బాడిలాక్ బృందం ప్రతిపాదించిన కొలతలని ఇప్పుడు చాలామంది పాటిస్తున్నారు. ఎండిన అల్లిక ఒక మిల్లీగ్రాములో డీఎన్ఏ 50 నానోగ్రాముల లోపే ఉండాలి. మిగిలిన ముక్కలు 200 బేస్ జతల కంటే చిన్నవై ఉండాలి. రంగు వేసి మైక్రోస్కోపులో చూస్తే కణ కేంద్రకాలు కనిపించకూడదు.

మన దగ్గర

2022లో హైదరాబాద్‌లోని ఎల్వీ ప్రసాద్ ఐ ఇన్‌స్టిట్యూట్, ఐఐటీ హైదరాబాద్, సీసీఎంబీ కలిసి 3డీ ప్రింటింగ్‌తో కార్నియా తయారుచేసి కుందేలు కంట్లో పెట్టాయి. ప్రింటింగ్‌కి వాడిన ఇంకులో ఉన్నది కణాలు తీసేసిన కార్నియా అల్లిక, మనిషి కంటి మూలకణాలు. తిరువనంతపురంలోని శ్రీ చిత్ర తిరునాళ్ సంస్థలో పంది పిత్తాశయం నుంచి గాయాలు మానడానికి ఒక పలచటి పొర తయారుచేశారు. దానికి 2023లో మన దేశంలో అనుమతి వచ్చింది. పలచటివి ముందు గెలుస్తున్నాయి, మందపాటివి ఇంకా ల్యాబ్‌లోనే ఉన్నాయి.

ఇకమీద "ల్యాబ్‌లో గుండె తయారు" అని ఫోన్‌లో హెడ్‌లైన్ వస్తే, ఫార్వర్డ్ చేసేముందు మూడు ప్రశ్నలు అడగండి. పాత కణాలు ఎంత మిగిలాయో కొలిచారా? కడిగాక అల్లిక బలం ఎంత ఉంది? ఏ జంతువులో, ఎన్నాళ్ళు పనిచేసింది? వియన్నాలో ఆ నలుగురు పిల్లలకి ఆపరేషన్ చేసేముందు మొదటి ప్రశ్నకి గట్టి జవాబు దొరికి ఉండాల్సింది.