వార్ధక్యంలో వాహన విరమణ

పద్దెనిమిదేళ్లు నిండనివారికి చట్టం కారు నడిపే లైసెన్సు ఇవ్వదు. కానీ ఫలానా వయస్సు దాటినవారు సొంత కారు నడపరాదని మన దేశంలో ఏ చట్టమూ చెప్పదు. కనుక స్టీరింగు ఎప్పుడు వదలాలన్నది పెద్దవారు తమంతట తాము తేల్చుకోవలసిన విషయం. ఆలస్యం చేస్తే ఏదో ఒక రోజున ప్రమాదమే ఆ నిర్ణయం చేస్తుంది. చెన్నైలోని తెలుగు కుటుంబాలను దృష్టిలో ఉంచుకొని ఈ పాఠం మూడు పనులను వేరువేరుగా వివరిస్తుంది: నడపటం మానటం, తిరగటం మానకుండా ఉండటం, కారును చట్టప్రకారం వదులుకోవటం.

1. ఫారం అడిగే ప్రశ్నలు, అడగని ప్రశ్నలు

2019 నాటి చట్ట సవరణ తరువాత, 55 ఏళ్లు నిండినవారికి లైసెన్సును ఒక్కొక్క పర్యాయం ఐదేళ్లకే పునరుద్ధరిస్తారు. 40 దాటినవారు వైద్యుడు సంతకం చేసిన ఫారం 1ఎ జతపరచాలి. దీనితోపాటు దరఖాస్తుదారు స్వయంగా నింపవలసిన ఫారం 1 ఉంది. అది అడిగే ప్రశ్నలు సూటిగా ఉంటాయి. పగటి వెలుతురులో, కళ్ళజోడు ఉంటే అది పెట్టుకొని, 25 మీటర్ల దూరంలోని కారు నంబరు ప్లేటును గుర్తించగలరా? ఎరుపు, ఆకుపచ్చ రంగుల తేడా తెలుస్తుందా? రేచీకటి ఉందా? మూర్ఛ గాని, హఠాత్తుగా స్పృహ తప్పటం గాని, తల తిరగటం గాని ఉన్నాయా?

చూపిన చోట సంతకం చేసి, ఈ ప్రశ్నలను చదవకుండానే కాగితం తిరిగి ఇచ్చేవారు ఎందరో. 65 దాటినవారు వీటిని ఐదేళ్లకు కాక ఆరు నెలలకొకసారి ఇంటి ముందే నిలబడి తమను తాము అడుగుకోవటం మేలు.

ఫారం అడగని ప్రశ్నలు కూడా ఉన్నాయి. ఎదురుబండి దీపాల వెలుగు కళ్ళలో పడ్డాక చూపు కుదుటపడటానికి ఎక్కువసేపు పడుతోందా? మెడ తిప్పి వెనక్కు చూడటం కష్టమవుతోందా? గేటుకు రాసుకున్న గీతలు పెరుగుతున్నాయా? తెలిసిన వీధిలోనే దారి తప్పారా? బ్రేకు అనుకొని ఆక్సిలరేటరు తొక్కారా? మొదటి రెండింటికి వైద్యం ఉండవచ్చు. శుక్లాలకు శస్త్రచికిత్స చేయించుకొని, వైద్యుని అనుమతితో మళ్ళీ నడిపేవారు ఉన్నారు. చివరి రెండింటిలో ఏ ఒక్కటి జరిగినా ఆనాడే తాళం పక్కన పెట్టి వైద్యుని కలవాలి. మత్తు కలిగించే జలుబు మాత్రలు, నిద్ర మాత్రలు, రక్తంలో చక్కెరను బాగా తగ్గించగల మందులు వాడేవారు వాటి సంగతి కూడా అడిగి తెలుసుకోవాలి.

2. ఒకరు మానితే ఇద్దరు ఆగిపోకూడదు

“నాన్నగారూ, ఇక మీరు కారు తీయవద్దు” అనటం సులభం. ఆ మాట తరువాత ఆయన ఎలా తిరగాలో చెప్పటమే కష్టం. అనేక కుటుంబాలలో నడపటం నేర్చినది తండ్రి ఒక్కరే. ఆయన మానిన రోజున తల్లి గుడికి వెళ్ళటం, చెల్లెలి ఇంటికి వెళ్ళటం, కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళటం కూడా ఆగిపోతాయి. తాళం ఒకటే అయినా, దానితోపాటు ఇద్దరి రాకపోకలు నిలిచిపోతాయి.

అందుచేత తాళం అడగటానికి ముందు ఒక వారం పాటు పెద్దవారు వెళ్ళిన చోట్లన్నీ కాగితం మీద రాయాలి. ఒక్కొక్క చోటికీ కారు లేకుండా వెళ్ళే దారి పక్కనే రాయాలి. నగరంలో 60 ఏళ్లు నిండినవారికి ఎం.టి.సి. నెలకు పది చొప్పున ఉచిత ప్రయాణ టోకెన్లు ఇస్తుంది. 2021 మే నెల నుండి సాధారణ బస్సులలో స్త్రీలకు ప్రయాణం ఉచితం. మెట్రో స్టేషన్లలో లిఫ్టులు ఉన్నాయి. మొదటి రెండు మూడు సార్లు ఇంటివారు ఎవరైనా వెంట వెళ్ళి దారి అలవాటు చేయాలి.

మిగిలిన పనులకు ఆటో ఖర్చు ఎక్కువనిపిస్తే లెక్క వేసి చూడండి. బీమా, సర్వీసు, టైర్లు, పెట్రోలు, పార్కింగు కలిసి ఏడాదికి 60,000 రూపాయలు అవుతున్నాయని అనుకుందాం. అంటే నెలకు 5,000. ఆ సొమ్మును తల్లిదండ్రుల ప్రయాణాల కోసమే విడిగా ఉంచితే, ప్రతిసారీ పిల్లలను అడగవలసిన చిన్నతనం వారికి ఉండదు.

విరమణ ఒక్కసారిగా జరగనక్కరలేదు. మొదట రాత్రి ప్రయాణం, పిదప వానలో ప్రయాణం, ఆపై నెల్లూరికో తిరుపతికో వెళ్ళే దూర ప్రయాణం, చివరకు పేటలోని ప్రయాణం. ఈ వరుసను పెద్దవారే నిర్ణయిస్తే అది వారి నిర్ణయంగానే నిలుస్తుంది.

3. కారు పోయినా పేరు మిగిలితే

తెలిసినవారే కదా అని కాగితాల మీద సంతకం చేసి కారు అప్పగించటం పెద్ద పొరపాటు. ఒక వ్యక్తి 2007లో తన కారును అమ్మానని చెప్పాడు. అది మరికొన్ని చేతులు మారింది. 2009లో ఆ కారు ప్రమాదం చేసింది. రిజిస్టరులో మాత్రం మొదటి వ్యక్తి పేరే ఉంది. రిజిస్టరులో ఎవరి పేరుంటే చట్టరీత్యా వారే యజమాని అని, పరిహారపు బాధ్యత కూడా వారిదేనని 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

కాబట్టి అమ్మినా, కొడుక్కో అల్లుడికో ఇచ్చినా, ఫారం 29, ఫారం 30 దాఖలు చేసి పేరు మార్పించాలి. అదే రాష్ట్రంలో రిజిస్టరైన బండికి, యజమాని 14 రోజులలోగా బదిలీని తెలియజేయాలి. బ్యాంకు అప్పు ఉంటే ముందుగా అది తీర్చి ఫారం 35 తీసుకోవాలి. పిల్లల దగ్గరికి వస్తూ పెద్దవారు తెచ్చుకున్న కారు ఆంధ్రప్రదేశ్‌లోనో తెలంగాణలోనో రిజిస్టరై ఉంటుంది. దానిని ఇక్కడివారికి అమ్మాలంటే అక్కడి రవాణా కార్యాలయం నుండి నిరభ్యంతర పత్రం కావాలి; అందుకు ఫారం 28 నింపాలి. కొత్త పేరుతో రిజిస్ట్రేషను పత్రం వచ్చిందని కంటితో చూసిన తరువాతే పని పూర్తయినట్లు. ఫాస్టాగును కూడా మూయించటం మరువరాదు.

అభ్యాసం

1. మీ ఇంటి పెద్దవారి లైసెన్సు గడువు ఏ తేదీతో ముగుస్తుంది?
2. గత వారం వారు వెళ్ళిన చోట్లలో కారు లేకుండా వెళ్ళగలిగినవి ఎన్ని?
3. మీ కుటుంబం ఇంతకుముందు అమ్మిన బండి ఇప్పుడు ఎవరి పేరున ఉంది?

మూడవ ప్రశ్నకు జవాబు తెలియనివారు ఈ వారమే రవాణా కార్యాలయంలో విచారించండి. రెండవ ప్రశ్నకు జవాబును మాత్రం పెద్దవారి పక్కన కూర్చొని, వారి చేతనే రాయించండి.