కాల్ ఆఫ్ అంటే వాయిదా కాదురా నాయనా

పోయిన శనివారం మా ఇంట్లో ఉప్మా తింటూ ఒక కుర్రాడు మెయిల్ కొడుతున్నాడు. మా ఆవిడ వైపు చుట్టాలబ్బాయి, న్యూజెర్సీలోని ఎడిసన్‌కి వచ్చి మూడు వారాలైంది. "బాబాయ్, ఒకసారి చూడవా" అని ల్యాప్‌టాప్ నా వైపు తిప్పాడు. రెండో వాక్యంలోనే 'కాల్ ఆఫ్' కనబడింది. సోమవారం ఇంటర్వ్యూ బుధవారానికి మార్చమని అడుగుతున్నాడట. "సెండ్ నొక్కావా?" అని నేను అరిచిన అరుపుకి మా ఆవిడ వంటింట్లోంచి అట్లకాడతో సహా వచ్చేసింది. నొక్కలేదు. బతికిపోయాడు.

అందుకే కొత్తగా అమెరికా వచ్చినవాళ్ళ కోసం ఇది రాస్తున్నా. మిగతావి మీకు ఎవరో ఒకరు చెప్తారు. సోషల్ సెక్యూరిటీ నంబరుకి అప్లై చేసి ఓపిక పట్టండి. కందిపప్పూ చింతపండూ ఓక్ ట్రీ రోడ్డులో దొరుకుతాయి, గుంటూరు నుంచి మోసుకురావద్దు. న్యూజెర్సీలో పెట్రోలు మనం కొట్టుకోకూడదు, బంకు కుర్రాడే కొడతాడు, కారులోనే కూర్చోండి. అంతే.

ఇక నన్ను ముంచిన సంగతి. 2009. ఉద్యోగాలు లేని కాలం. ఒక గెస్ట్ హౌస్‌లో ఆరుగురం, రెండు పరుపులు, ఒక రైస్ కుక్కర్. తొమ్మిది వారాలు ఖాళీగా కూర్చున్నాక నాకొక ఇంటర్వ్యూ వచ్చింది. సరిగ్గా ఆ ముందు రోజే నూటరెండు జ్వరం. దుప్పటి కప్పుకుని మెయిల్ రాశాను: 'ఐ హావ్ బీన్ సఫరింగ్ విత్ ఫీవర్ సిన్స్ టూ డేస్. ప్లీజ్ కాల్ ఆఫ్ ది ఇంటర్వ్యూ.' అమీర్‌పేటలో మూడు నెలలు స్పోకెన్ ఇంగ్లీషు నేర్చుకున్నవాణ్ణి కదా, 'కాల్ ఆఫ్' అన్న మాట వాడినందుకు నా భుజం నేనే తట్టుకున్నాను.

పావుగంటలో జవాబు. సరే, అలాగే, తొందరగా కోలుకోండి, శుభాకాంక్షలు. ఎంత మంచివాళ్ళో అనుకున్నాను. జ్వరం తగ్గింది. కొత్త తేదీ ఎప్పుడిస్తారా అని రోజూ మెయిల్ తెరిచి చూసుకునేవాణ్ణి. అయిదో రోజు మా కన్సల్టెన్సీ ఆయన ఫోన్ చేసి తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. "ఇంటర్వ్యూ వద్దని నువ్వే రాశావటగా!" ఆ ఉద్యోగం అప్పటికే ఇంకొకరికి ఇచ్చేశారు. మళ్ళీ పిలుపు రావడానికి పదకొండు వారాలు పట్టింది. ఆ పదకొండు వారాలూ నేనేం తిన్నానో అమ్మకి ఈనాటికీ తెలీదు.

కాల్ ఆఫ్ అంటే రద్దు. వాయిదా కావాలంటే పుట్ ఆఫ్, లేదా పోస్ట్‌పోన్. ఫోన్ చెయ్యడానికి ఉత్త కాల్ చాలు, దాని వెనక ఏదీ తగిలించొద్దు.

నా మెయిల్లో మూడు తప్పులున్నాయి. అందులో రెండు మన విభక్తులు చేయించినవి. మనకి జ్వరం'తో' బాధ, అందుకని 'విత్' పెట్టాను, ఇంగ్లీషువాళ్ళకి 'ఫ్రమ్'. మనకి రెండు రోజుల 'నుంచి', అందుకని 'సిన్స్'. వాళ్ళకి ఎన్నాళ్ళన్నది చెప్పేటప్పుడు 'ఫర్', ఫలానా సోమవారం నుంచీ అంటేనే 'సిన్స్'. బళ్ళో డు, ము, వు, లు అని బెత్తం దెబ్బలతో వల్లించాం కదా, ఆ ప్రత్యయాలు నాలుక మీదే కూర్చుని ఉన్నాయి. సీత'తో' పెళ్ళయింది కాబట్టి 'మ్యారీడ్ విత్' అంటాం, వాళ్ళు 'మ్యారీడ్ టు' అంటారు. లెక్కల్లో దిట్ట కాబట్టి 'గుడ్ ఇన్ మ్యాథ్స్', వాళ్ళకి 'గుడ్ ఎట్'. నా మీద కోపం కాబట్టి 'యాంగ్రీ ఆన్ మీ', వాళ్ళకి 'విత్' గానీ 'ఎట్' గానీ. దేని 'గురించో' చర్చిస్తాం కాబట్టి 'డిస్కస్ అబౌట్'. ఆ అబౌట్ అక్కడ అక్కర్లేదు మహాప్రభో! ఎన్ని మీటింగుల్లో విన్నానో, విన్నప్పుడల్లా నా చెవులు నేనే మూసుకున్నాను. అయినా ఈ తప్పుల వల్ల ఎవడి ఉద్యోగమూ పోదు. అవతలివాడు అర్థం చేసుకుంటాడు, కాస్త నవ్వుకుంటాడు.

ఈ విభక్తుల గొడవ రెండు వైపులా పదునున్న కత్తి. ఇక్కడ పుట్టిన మా అమ్మాయి వాళ్ళ నాయనమ్మతో "ఉండు నాయనమ్మా, నేను ఇంకో ఫోన్ మీద ఉన్నా" అంది. "ఫోన్ మీదెక్కి కూర్చున్నావుటే, విరిగిపోదూ?" అని అమ్మ తెనాలి నుంచి నవ్వుతూనే ఉంది. నేనూ నవ్వాను. తర్వాత బాత్రూంలోకి వెళ్ళి కాసేపు ఊరికే నిలబడ్డాను.

నా మెయిల్లో మూడో తప్పు, ఆ 'ఆఫ్', వేరే జాతి. అది విభక్తి కాదు. క్రియకి తోకలా అతుక్కుని దాని అర్థాన్నే తిప్పేస్తుంది. ఇంగ్లీషువాళ్ళ నిఘంటుకారుడు శామ్యూల్ జాన్సన్ 1755లోనే, పరాయి దేశస్థులకి తమ భాషలో అన్నిటికన్నా కష్టం ఇదేనని తన నిఘంటువు ముందుమాటలో ఒప్పుకున్నాడు. నాకది ముందే ఎవరైనా చెప్పి ఉంటే అంత సిగ్గుపడేవాణ్ణి కాదు.

కానీ మనకిది కొత్తేం కాదు. 'పడు'కి 'కో' తగిలిస్తే నిద్ర. 'వేయ్' తగిలిస్తే పారెయ్యడం. 'చూడు' అంటే ఒకటి, 'పిల్లాణ్ణి చూసుకో' అంటే ఇంకొకటి, 'సంబంధం చూసిపెట్టు' అంటే మరొకటి. ఎవరైనా మనకి నేర్పారా? అమ్మమ్మ అరుగు మీద కూర్చుని అంటుంటే విన్నాం, వచ్చేసింది. వాళ్ళ 'లుక్' కూడా అంతే. 'లుక్ ఆఫ్టర్' అంటే చూసుకోవడం, పిల్లల్నో ముసలివాళ్ళనో. 'లుక్ ఇంటు' అంటే సంగతేమిటో ఆరా తియ్యడం. 'లుక్ ఫర్' వెతకడం. సర్వర్ పడిపోతే 'ఐ విల్ లుక్ ఆఫ్టర్ ఇట్' అని మేనేజరుకి రాసినవాణ్ణి నేనెరుగుదును, దానికి ఉగ్గుపాలు పడతాడు కాబోలు. కాబట్టి 'లుక్' ఒక మాట, 'ఆఫ్టర్' ఒక మాట అని విడగొట్టి నేర్చుకోవద్దు. తోకతో కలిపి ఒకే మాటగా, వాక్యంతో సహా చిన్న పుస్తకంలో రాసుకోండి. నా పుస్తకం మొదటి పేజీలో ఏముందో వేరే చెప్పాలా? కాల్ ఆఫ్ అంటే రద్దు!

మరికొన్ని. మీటింగ్ 'మూవ్డ్ అప్' అంటే ముందుకి జరిగింది, పది గంటలది తొమ్మిదికి వచ్చింది. మీరు పదింటికి వెళ్తే ఖాళీ గది. 'పుష్డ్ బ్యాక్' అంటే వెనక్కి. '2021లో పాస్డ్ అవుట్' అని ఇక్కడివాళ్ళతో అనకండి, స్పృహ తప్పి పడ్డారనుకుంటారు, 'గ్రాడ్యుయేటెడ్' అనండి. వెనక పోలీసు లైట్లు వేశాడంటే 'పుల్ ఓవర్', అంటే కుడి పక్కకి తీసి ఆపమని. ఆపండి. మన ఊళ్ళోలాగా కాగితాలు పట్టుకుని దిగి ఆయన దగ్గరికి నడిచారో, చచ్చారే. చేతులు స్టీరింగ్ మీద పెట్టి కూర్చోండి. కారుకి 'ఇన్', బస్సుకీ రైలుకీ 'ఆన్': లేచి నడవగలిగేంత చోటుంటే 'ఆన్' అని గుర్తుపెట్టుకున్నాను, చాలావరకు పనిచేసింది. ఇక 'లేఆఫ్' నేర్పక్కర్లేదు, అది మనవాళ్ళ ఎల్‌కేజీ పిల్లలకి కూడా వచ్చు.

తోక తేడా మన మాటల్లోనూ ఉంది. నేను అమెరికా బయల్దేరిన రాత్రి శంషాబాద్ ఎయిర్‌పోర్టులో ట్రాలీ తోసుకుంటూ "సరే అమ్మా, పోతున్నా" అన్నాను. అమ్మ మొహం మాడిపోయింది. "అవేం మాటలురా! వెళ్ళొస్తా అను" అంది. అన్నాను. సరిపోలేదు, సెక్యూరిటీ గేటు దాకా వచ్చి ఇంకోసారి అనిపించింది. నాలుగేళ్ళకి గానీ వెళ్ళలేకపోయాను, అప్పటికి నాన్న లేరు.

కుర్రాడి మెయిల్ సరిచేశాం. 'కాల్ ఆఫ్' కొట్టేసి 'కుడ్ వుయ్ రీషెడ్యూల్ ఇట్ ఫర్ వెడ్నెస్‌డే' అని పెట్టించాను. తోకల గొడవే లేదు. రెండుసార్లు చదివించి సెండ్ నొక్కనిచ్చాను. వాడు బూట్లు వేసుకుని తలుపు తీసి "పోతున్నా బాబాయ్" అన్నాడు.

"వెళ్ళొస్తా అనరా."

"ఆఁ, వెళ్ళొస్తా, వెళ్ళొస్తా" అంటూ మెట్లు దిగిపోయాడు. అన్నట్టే అయిదు నిమిషాల్లో తిరిగొచ్చాడు, మాగాయ సీసా మర్చిపోయాడట.