గాయం నుండి గెలుపునకు

హైదరాబాదులోని గచ్చిబౌలిలో ఐ.టి. సౌధాల నడుమ ఒక బ్యాడ్మింటన్ శిక్షణాలయం ఉంది. 2008లో దానిని నెలకొల్పిన పుల్లెల గోపీచంద్ జీవితం పట్టుదలకు నిదర్శనం.

1994లో జాతీయ క్రీడల్లో డబుల్స్ ఆడుతుండగా ఆయన మోకాలికి తీవ్రమైన గాయమైంది. తొడ ఎముకను కాలి ఎముకతో బంధించే స్నాయువు తెగిపోయింది. శస్త్రచికిత్స తెగిన బంధాన్ని తిరిగి అమర్చగలదు. కాని కండరాలకు పూర్వబలం నెలల తరబడి చేసే ఫిజియోథెరపీ వల్లనే సిద్ధిస్తుంది. మొదట వాపు తగ్గాలి. పిదప కాలు పూర్తిగా చాచి ముడవగలగాలి. తొడ కండరాలు దృఢపడాలి. ఆ తరువాతనే పరుగు. తొందరపడితే గాయం తిరగబెడుతుంది.

గోపీచంద్ ఓర్పు వహించారు. 2001 మార్చి 11న బర్మింగ్‌హామ్‌లో చైనా క్రీడాకారుడు చెన్ హాంగ్‌ను 15-12, 15-6 స్కోరుతో ఓడించి ఆల్ ఇంగ్లండ్ విజేత అయ్యారు. 1980లో ప్రకాశ్ పదుకోణే తరువాత ఆ ఘనత సాధించిన రెండవ భారతీయుడు ఆయనే. పడినవానిని లేపేది వైద్యం, నిలబెట్టేది సాధన.